ఉద్వాసన శబ్దార్థ విచారము

తెలుఁగు వార్తాపత్రికలలో నొక మంత్రినిగాని యుద్యోగినిగాని పదవినుండి తొలఁగించినపుడు ‘ఉద్వాసన చెప్పిరి’ అని వ్రాయుట పరిపాటి. వినాయకచవితి వ్రతము ముగిసిన పిమ్మట గృహస్థుఁడు మట్టిప్రతిమను రవంత కదల్చి చేయు కడపటి యుపచారమునకును ఉద్వాసన యనియే పేరు. సోమయాగమునందుఁ బ్రవర్గ్యమునకు వాడిన మహావీరాది పాత్రలను యథావిధిగాఁ గొనిపోయి విడిచివచ్చు కర్మము ప్రవర్గ్యోద్వాసనము. ఇంతవఱకు బాధలేదు. కాని యమరసింహుఁడు నామలింగానుశాసనమున క్షత్రియవర్గమునందు వధకుఁ జెప్పిన 30 పేళ్ళలో ఉద్వాసనము నొకటిగాఁ బఠించెను. దేవునికిఁ జెప్పునది, మంత్రికిఁ జెప్పునది, శత్రువును జంపునది యొకే మాట యెట్లయ్యెనని యమరము వల్లించిన ప్రతి విద్యార్థికిని సందేహము కలుగవలసినదే.

ఈ సందేహము వట్టి శబ్దవినోదము గాదు. ఉద్వాసనమునకు సోదరశబ్దములైన ప్రవాసన వివాసనముల యర్థమును నిర్ణయించుటపై నొకప్పుడు ధర్మాసనము నెదుట నిలిచిన మనుష్యుని యిల్లును, నాలుకయు, ప్రాణమును ఆధారపడియుండెను. ఆ నిర్ణయము వ్యాకరణముచే జరిగినదా, వేఱొకదానిచే జరిగినదా యనునదియే యిచట విచార్యాంశము.

మొదట వ్యుత్పత్తిని జూడవలెను. ధాతుపాఠమున వసధాతువు పలుతావులఁ గానవచ్చుచున్నది. భ్వాదిగణమున దానికి నివాసము అర్థము. అదాదిగణమున ఆచ్ఛాదనము, అనఁగా వస్త్రము కప్పుకొనుట, అర్థము. చురాదిగణమున స్నేహము, ఛేదము, అపహరణము అను మూఁడర్థములు చెప్పఁబడినవి. వీనిలో భ్వాదియైన నివాసార్థక వసధాతువుపైఁ బ్రేరణార్థమున ణిచ్చు (3.1.26) వచ్చి, ఉపధావృద్ధిచే (7.2.116) ‘వాసి’ యను ణిజంతధాతు వేర్పడును. దానిపై ల్యుట్టు, అనాదేశము, ణిలోపము వరుసగాఁ బ్రవర్తింపఁగా ‘వాసనము’ అను రూపము సిద్ధించును. ప్ర, నిర్, వి, ఉద్ అను నుపసర్గలు ముందు చేరఁగాఁ బ్రవాసన, నిర్వాసన, వివాసన, ఉద్వాసన శబ్దములు నాలుగును గలుగుచున్నవి. కేవలము ‘వాసయతి’ యనఁగా నివసింపఁజేయుచున్నాఁడని యర్థము. ఉపసర్గ చేరినంతనే యా యర్థము తలక్రిందులై, నివసింపనీయకున్నాఁడను తాత్పర్యము వచ్చుచున్నది. ఉపసర్గ ధాత్వర్థమును బలిమిచే మఱియొక చోటికిఁ గొనిపోవునని పెద్దలు చెప్పుచుందురు. ఆ మాట యీ ధాతువు పట్ల నక్షరాల సరిపోవుచున్నది.

ఇక్కడ నొక విశేషమును గమనింపవలెను. ప్రవాసమను మాటలో ప్రేరణార్థకమైన ణిచ్చు లేదు. ఉన్న యూరు విడిచి పరదేశమున నుండువాఁడు ప్రవాసి. అతఁడు తన క్రియకుఁ దానే కర్త. జీవిక కొఱకు అమెరికాకో దుబాయికో వెడలిన తెలుఁగువారిని ప్రవాసాంధ్రులనుటలో నీ యర్థమే కలదు. ణిచ్చు చేరి ‘ప్రవాసయతి’ యైనంతనే వేఱొకఁడు కర్తయగును. నివసించుట యకర్మకక్రియ గనుక, ణిచ్చునకు ముందు కర్తగా నున్నవాఁడు ణిచ్చు చేరిన పిమ్మటఁ గర్మయగునని పాణిని విధించెను (1.4.52). స్వతంత్రుఁడు కర్త యని లక్షణము (1.4.54). ఆ స్వతంత్రుఁడే యిచట నితరుని వ్యాపారమునకు విషయమై, ద్వితీయావిభక్తిని బొందుచున్నాఁడు. ప్రవాసికిని ప్రవాసితునకును గల భేదమంతయు నింతియే. ఇల్లు విడిచినవారిద్దఱును జూచువారి కొక్కతీరుననే కనఁబడుదురు. ఎవరు కర్త యను ప్రశ్న వేసినపుడు గాని భేదము తెలియదు.

అట్లయినచో వధార్థమెక్కడినుండి వచ్చెను? దీనికి రెండు మార్గములు కలవు. చురాదిపఠితమైన వసధాతువునకు ఛేదార్థము కలదు గనుక, దానిపై స్వార్థమున ణిచ్చు (3.1.25) వచ్చి, నఱకుట యను నర్థమునుండియే వధార్థము గలిగినదనుట మొదటి మార్గము. నివాసార్థక ధాతువే ప్రేరణార్థమునఁ బ్రవర్తించి, ఈ లోకమున నివసింపనీయకుండుట యను లక్ష్యార్థముచే వధను బోధించుచున్నదనుట రెండవ మార్గము. రెండు మార్గములందును రూపము ‘ప్రవాసయతి’ యే, ల్యుడంతరూపమును ‘ప్రవాసనమే’. ఆకారముబట్టి యిది యీ ధాతువని తేల్చుటకు వైయాకరణునికి సాధనము లేదు.

అయినను అమరుని పట్టికయే రెండవ మార్గమునకుఁ గొంత సాయపడుచున్నది. ఆ 30 నామములలో హననార్థమును సూటిగాఁ జెప్పు నిహనన, మారణ, వధాదులున్నవి. వానితోఁ బాటు పరాసన, అపాసనములున్నవి. ఇవి విసరివేయుట యను నర్థము గల అసుధాతువునుండి పుట్టినవి. పరివర్జనమున్నది, అది విడిచిపెట్టుట. నిర్వాపణమున్నది, అది దీప మార్పుట వంటిది. సంజ్ఞపనమున్నది, దాని యవయవార్థము సమ్మతింపఁజేయుట. యజ్ఞపశువును జంపుటకు వైదికులు వాడు మాట యదియే. ఆలంభము మొదట స్పర్శమాత్రము. ఈ శబ్దములకు వసధాతువుతో నెట్టి సంబంధమును లేదు. ఐనను ఇవి యన్నియుఁ దొలఁగించుట, విడుచుట, ఆర్పుట, తాఁకుట యను మెత్తని క్రియలనుండియే వధార్థమునకుఁ జేరినవి. కాఁబట్టి చంపుట యను మాటను జెప్పనొల్లని లోకము తొలఁగింపు మాటలను దానికిఁ బేళ్ళుగాఁ జేసికొనినదని తెలియుచున్నది. ప్రవాసన, నిర్వాసన, ఉద్వాసనములను మాత్రము ఈ రాశినుండి వేఱుచేసి, వానికి ఛేదార్థక ధాతువును వెదకవలసిన యావశ్యకము లేదు.

కాని కోశము పఠించినంతమాత్రమున శబ్ద మా యర్థమున స్థిరపడదు. నిర్వాసనము వధాపర్యాయమని యమరుఁడు చెప్పినను, కాళిదాసు రఘువంశమునఁ జతుర్దశసర్గయందు సీతను గూర్చి యీ ధాతురూపమునే వాడెను. అచట నర్థము వధ కాదు, ఇల్లు వెడలించుట. భవభూతి యుత్తరరామచరితమున నదే కార్యమునకు వివాసన శబ్దమును వాడెను. శ్రీమద్రామాయణమున అయోధ్యాకాండమునందు రాముని యడవికిఁ బంపుట వివాసనము, ప్రవ్రాజనము అని చెప్పఁబడినది. వివాసనము అమరుని వధనామములలో లేనేలేదు. కవులు ప్రాయికముగా దేశము వెడలించుటకు నిర్వాసన వివాసనములను గ్రహించిరనియు, కోశకారుఁడు నిర్వాసన ప్రవాసన ఉద్వాసనములకు వధార్థమును జూపెననియు దీనివలనఁ దేలుచున్నది. ఒకే శబ్దమున కీ రెండర్థములు నున్నపుడు, కావ్యమునఁ బ్రకరణముచే నర్థము తేలిపోవును. పొరపాటు పడినను నష్టము లేదు. ధర్మశాస్త్రమున నట్లు గాదు. అచట విధివాక్యములోని యొక్క క్రియాపదమును దప్పుగా గ్రహించినచోఁ బోయినవాఁడు మరల రాఁడు.

ఈ చిక్కు కూటసాక్షి ప్రకరణమున స్పష్టముగాఁ గానవచ్చును. తప్పుసాక్ష్యము పలికినవారిలో మూఁడు వర్ణములవారిని దండించి ప్రవాసితులను జేయవలెననియు, బ్రాహ్మణుని మాత్రము వివాసితుని జేయవలెననియు మనుస్మృతి యెనిమిదవ యధ్యాయము విధించినది (8.123). యాజ్ఞవల్క్యుఁడును వ్యవహారాధ్యాయమున (2.81) బ్రాహ్మణుఁడు వివాసింపఁదగినవాఁడని చెప్పెను. మనువాక్యమున ఒకే శ్లోకములో, ఒకే ధాతువునుండి, ఒకే ణిచ్చుతో, ఒకే లింలకారమున రెండు క్రియలు పడినవి. భేదము ప్ర, వి అను నుపసర్గలలో మాత్రమే కలదు. రెండును దేశము వెడలించుటయే యైనచో రెండు మాటలేల? భేదమున్నదనినచో నది యెట్టిది?

ఈ ప్రశ్నకు విజ్ఞానేశ్వరుఁడు మితాక్షరయందు సమాధానము చెప్పెను. ఈయన కల్యాణపురమున 1076 మొదలు 1126 వఱకు రాజ్యము చేసిన పశ్చిమచాళుక్య చక్రవర్తి యాఱవ విక్రమాదిత్యుని కాలమువాఁడు. ప్రవాసన మనఁగా మారణమనియు, అర్థశాస్త్రమున నీ శబ్దమునకట్టి ప్రయోగము గలదనియు, ప్రకృతవిషయము అర్థశాస్త్రరూపమే గనుక నా యర్థమే గ్రాహ్యమనియు ఆయన నిర్ణయించెను. అయినను ప్రతి కూటసాక్షికిని మరణమే విధింపలేదు. తప్పుయొక్క తారతమ్యమును బట్టి పెదవి కోయుట, నాలుక కోయుట, ప్రాణము తీయుట యను మూఁడు మెట్లను ప్రవాసనమునందే యిమిడ్చెను.

వివాసనము దగ్గఱకు వచ్చునప్పటికి విజ్ఞానేశ్వరునిలోని వైయాకరణుఁడు మేల్కొనెను. వివాసన మనఁగా స్వరాష్ట్రమునుండి వెడలించుట యనునది యొక యర్థము. రెండవది మిక్కిలి విచిత్రమైనది. వాసస్సు, అనఁగా వస్త్రము, తొలఁగినవాఁడు వివాసస్సు. అతనినట్లు చేయుచున్నాఁడను నర్థమునఁ బ్రాతిపదికముపై ణిచ్చు వచ్చును. అప్పుడు ఇష్ఠవద్భావమును విధించు వార్తికముచేఁ, బాణిని 6.4.155లోఁ జెప్పిన టిలోపము కలిగి, సకారాంతప్రాతిపదికములోని ‘అస్’ అను భాగము పోవును. ఇట్లును వివాసయతి యను రూపమే సిద్ధించుచున్నది. కాని యర్థము నగ్నుని జేయుట. మూఁడవ యర్థమునకై ఇందు నివసింతురు గావున వాసము గృహమనియు, వివాసనము గృహమును భగ్నము చేయుటయనియు వ్యుత్పత్తి చెప్పెను. బట్ట లాగివేయుట, ఇల్లు పడఁగొట్టుట, దేశము వెడలించుట యను నీ మూఁడును దోషతారతమ్యమును బట్టి బ్రాహ్మణునకుఁ జెందు శిక్షలు.

ఈ వ్యాఖ్య వ్యాకరణదృష్టిచే నిర్దుష్టము. మూఁడు ప్రక్రియలును సాధువులే; మూఁటివలనను వివాసయేత్ అను రూపమే వచ్చును. కాని యీ పాండిత్యమును మెచ్చుకొనుటతో విమర్శకుని పని ముగియదు. వివాసనమునకుఁ జూపిన మూఁడు మెట్లును, ప్రవాసనమునకుఁ జూపిన మూఁడు మెట్లును ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. ఒకవైపున వస్త్రము, గృహము, దేశము. మఱియొకవైపున ఓష్ఠము, జిహ్వ, ప్రాణము. మొదటి మూఁడును శరీరమునకు వెలుపలివి. పోయినవానిని మరల సంపాదించుకొనవచ్చును. రెండవ మూఁడును శరీరమే. ఇద్దఱును జేసిన నేర మొక్కటి. ఇద్దఱును బలికిన యసత్య మొక్కటి. భేదమంతయు పలికినవాని వర్ణమున నున్నది.

ఇట్టి భేదమునకు ప్ర-వి ఉపసర్గలలోఁ గారణమేమైనఁ గలదా? లేదు. మితాక్షరలో వివాసనమునకుఁ జెప్పిన గృహభంగార్థమును ‘ప్ర’ యను నుపసర్గతోఁ జెప్పుటకు వ్యాకరణబాధ యేమియు లేదు. ‘వి’ యను నుపసర్గతో వధార్థమును జెప్పుటకును బాధ లేదు. ఆ యుపసర్గతోనే విశసనము, విశరము అను వధనామములను అమరుఁడే పఠించెను. కాఁబట్టి యా నిర్ణయమునకు మూలము శబ్దశాస్త్రము గాదు. బ్రాహ్మణుఁ డెట్టి పాపము చేసినను వధార్హుఁడు గాఁడనియు, సమస్తధనముతో నక్షతుఁడుగా రాష్ట్రమునుండి వెడలింపఁదగినవాఁడనియు మనుస్మృతి యందే (8.380) మఱియొక విధి కలదు. ఆ విధి ముందు నిలిచినది. శబ్దార్థము దానికి లోఁబడినది. వ్యాకరణము ఆరు దారులను దెఱచి చూపెను; ఎవరి నే దారిని బంపవలెనో చెప్పినది సమాజవ్యవస్థ.

మితాక్షరకారుఁడు ప్రమాణముగాఁ జెప్పిన అర్థశాస్త్రప్రయోగమును బరిశీలించుటకు 1909లో మైసూరున రుద్రపట్నము శ్యామశాస్త్రి కౌటిలీయమును అచ్చొత్తించిన పిమ్మటఁ గొంత వీలు గలిగినది. ఆ గ్రంథమున బ్రాహ్మణాపరాధి యంకితుఁడై, తన తప్పు చాటింపఁబడి, నిర్విషయుఁడు కావలెనని విధింపఁబడినది. కాదేని గనులలో నతని నివసింపఁజేయవలెనని యున్నది. నొసటఁ బొడుచు గుర్తు నేరమునుబట్టి మాఱును: దొంగతనమునకుఁ గుక్క, నరహత్యకుఁ దలలేని మొండెము, సురాపానమునకుఁ గల్లుజెండా. నిర్విషయ మనఁగా విషయము, అనఁగా దేశము, లేనివాఁడు. ఈ మాటలో సందిగ్ధత లేదు. దేశము పోయినది, ప్రాణము నిలిచినది. విధివాక్యమునకుఁ గావలసినదిట్టి స్పష్టతయే. మఱియు గనులలో నివసింపఁజేయుటకు ఉపసర్గలేని వాసయేత్ అను రూపమునే కౌటిల్యుఁడు వాడెను. గనిపనికిఁ బంపఁబడినవానికి ‘నివసింపఁజేయుట’ యెట్టి యనుగ్రహమో చెప్పనక్కఱలేదు. ఉపసర్గ లేకున్నను ఈ ధాతువులో బలాత్కారము దాఁగియుండఁగలదనుట కిది నిదర్శనము.

మితాక్షర తెలుఁగునేలకు శీఘ్రముగానే వచ్చినది. పదుమూఁడవ శతాబ్దిలో తిక్కనసోమయాజి కాలమువాఁడగు మూలఘటిక కేతన దానిని విజ్ఞానేశ్వరీయ మను పేర తెలుఁగు చేసెను. తెలుఁగునకు లక్షణము చెప్పిన యాంధ్రభాషాభూషణ కర్తయు నితఁడే. ధర్మశాస్త్రము తెలుఁగు పద్యములలో వెలసిన దాఁదిగా, సంస్కృతమున నొక్క ధాతువులో నిమిడియున్న యర్థములను దెలుఁగు క్రియలలోఁ జెప్పవలసిన యవసర మేర్పడినది.

తెలుఁగు క్రియలస్వభావము వేఱు. వెడలు అకర్మకము. వెడలించు దాని ప్రేరణరూపము. సేనను వెడలించుట, మాటను వెడలించుట యనునపుడు బాధ పెట్టుట యను నర్థము లేదు. బలాత్కారమును జెప్పవలసి వచ్చినచోఁ దెలుఁగు కొట్టు ధాతువును జేర్చుకొని వెడలఁగొట్టు, వెళ్ళఁగొట్టు అనును. పడఁగొట్టు, కూలఁగొట్టు, చెడఁగొట్టు అను క్రియల వరుస యిదియే. గెంటు, త్రోయు, తఱుము, పాఱఁద్రోలు అనువానిలోఁ జేయియో కాలో కదలుట కనఁబడుచునే యుండును. ప్రీతితోఁ బంపుటకు సాగనంపు అను వేఱు మాట యున్నది. కూఁతు నత్తవారింటికి సాగనంపుదురే గాని వెడలఁగొట్టరు. సంస్కృతమున నొక్క ఉద్వాసనమే పూజాంతమునను, వధయందును జెల్లుచుండఁగా, తెలుఁగున సాగనంపుట, వెడలఁగొట్టుట, చంపుట యని మూఁడు మాటలు విడివిడిగా నిలిచినవి. ఇట్టిచోట దేశిక్రియ సంస్కృతక్రియకంటె నిష్కపటమైనదని చెప్పవచ్చును.

వెలివేయు మాత్రము కొంచెము భిన్నము. వెలి యనఁగా బయలు, వెలుపల. అఱవమున వెళి యను మాటయు నీ యర్థముననే కలదు. వెలివేయఁబడినవాఁడు తఱచుగాఁ దన యింటనే యుండును. ఊరు మాఱదు, గోడలు కూలవు. కాని పురోహితుఁడు రాఁడు, వంటవాఁడు రాఁడు, చాకలి మంగలులు రారు, బంధువులు పంక్తిని గూర్చుండరు. రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీని కందుకూరి వీరేశలింగము తొలి వితంతువివాహమును జరిపించినపుడు దానిలోఁ బాల్గొన్నవారి కిట్టి వెలియే ప్రాప్తించినది. కొందఱు దానికి జంకి ప్రాయశ్చిత్తము చేసికొని తొలఁగిరి, కొందఱు నిలిచిరి. విజ్ఞానేశ్వరుఁడు చెప్పిన యర్థములలో నేదియు వారిపట్ల జరుగలేదు. వస్త్రము పోలేదు, ఇల్లు కూలలేదు, దేశము విడువలేదు. ఐనను వాసము పోయినది. నలుగురితోఁ గూడియుండుటయే వాసము గాని నాలుగు గోడలు వాసము గావని యీ యుదంతమువలనఁ దెలియవచ్చును.

నిజాము రాజ్యమున నీ యర్థముననే మఱియొక పదము పుట్టినది. అది బేదఖలు. బే యనునది పారసీకమున లేమిని దెలుపు నుపసర్గ. దఖలు ప్రవేశమును, స్వాధీనమును దెలుపు నరబ్బీ పదము. సంస్కృతమున ‘వి’తో వాసము చేరినట్లే యిచట ‘బే’తో దఖలు చేరినది. తెలంగాణమునఁ గౌలుదారును దున్నుచున్న భూమినుండి తొలఁగించుట కీ మాటయే వాడుక. 1946 మొదలు 1951 వఱకు జరిగిన సాయుధపోరాటమునకు హేతువులలో వెట్టితోఁ బాటు బేదఖళ్ళును జేరియున్నవి. 1950లో వచ్చిన హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షితకౌలుదారులను నొక వర్గమును గుర్తించి, వారిని యథేచ్ఛగాఁ దొలఁగింపఁగూడదనెను. కావ్యమున నెన్నఁడును గానరాని యీ పదము తెలంగాణమున ప్రతి రైతునకును దెలియును. చదువులేనివాఁడును దీని యర్థమున సందేహపడఁడు. ఏలయన దీనిని దాన మనుభవించినవాఁడు.

ప్రవాసన వివాసనముల శిక్షాస్మృతి మాత్రము పందొమ్మిదవ శతాబ్దిలోఁ గాలగర్భమునఁ గలిసినది. మితాక్షరలోని దాయభాగమును 1810లో కోల్‌బ్రూకు ఆంగ్లీకరింపఁగా నా భాగము న్యాయస్థానములలోఁ బ్రమాణమై నిలిచినది. దండభాగమున కట్టి గతి పట్టలేదు. 1860 నాఁటి శిక్షాస్మృతి 193వ విభాగమున న్యాయవిచారణలోఁ దప్పుసాక్ష్యము పలికినవారికి నెల్లరకు నొకటే శిక్ష, ఏడేండ్ల వఱకుఁ గారాగారమును జుల్మానాయును, విధింపఁబడినది. వర్ణమును గూర్చిన ప్రశ్న యందు లేదు. 2024 జులై 1 నుండి దాని స్థానమునకు వచ్చిన భారతీయ న్యాయసంహితయు నిదే పద్ధతిని అనుసరించినది. కాని యాంగ్లేయుల స్మృతియుఁ దనదైన వివాసనమును వెంటఁ దెచ్చుకొనినది. ఖైదీలను 1858 నుండి అండమానులకు నోడలపైఁ బంపిరి. ఆ శిక్షకుఁ దెలుఁగువారు పెట్టిన పేరు ద్వీపాంతరవాసము. ఆ పేరులోను వసధాతువే యున్నది, ణిచ్చు లేదు. వేఱొక ద్వీపమున నివసించుట యని మాత్రమే శబ్దము చెప్పుచున్నది. బలవంతముగాఁ గొనిపోయినవాఁ డెవ్వఁడో యా శబ్దమునఁ గనఁబడఁడు. ఈ శిక్షయు 1955 నాఁటి సవరణ చట్టముచే రద్దయి, దాని స్థానమున యావజ్జీవ కారాగారశిక్ష వచ్చినది.

ఇప్పుడు మరల ఉద్వాసనమునకు వచ్చి చూడవచ్చును. శ్రౌతమునఁ బురోడాశమును, పాలను నిప్పుపైనుండి దింపుట ఉద్వాసనము. అచట ‘ఉద్’ పైకెత్తుటను సహజముగాఁ దెలుపుచున్నది. పాకము సిద్ధమైనది, దింపుట యుచితము. ప్రవర్గ్యోద్వాసనమునఁ బాత్రలను విసరివేయరు. పురుషాకృతిగా నమర్చి విడుతురు. పూజయందు ఆవాహనముచే వచ్చిన దేవతను ఉద్వాసనముచే స్వస్థానమునకుఁ బంపుదురు; మరల విచ్చేయవలెనని ప్రార్థించి పంపుదురు. కాఁబట్టి కర్మకాండమున నీ శబ్దమునకు మూఁడు నియమములున్నవి. పని ముగిసియుండవలెను, గౌరవముతోఁ బంపవలెను, పోయినవాని కొక స్థానముండవలెను. ఈ మూఁడు నియమములును లేనిచో మిగులునది యమరుఁడు చెప్పిన యర్థమే, లేక దానికిఁ జేరువైనది.

పదవినుండి తొలఁగించుటకు ఉద్వాసన యను మాటను దెలుఁగు రచయితలు పూజాప్రకరణమునుండియే గ్రహించినట్లు ‘చెప్పు’ ధాతువు సాహచర్యమువలన నూహింపవచ్చును. దేవతకు ఉద్వాసన చెప్పుదురు గాని చేయరు. మంత్రికిని నట్లే చెప్పుచున్నారు. మొదట నిది పరిహాసముగా వచ్చియుండును. వాడుకచేఁ బరిహాసమఱఁగి సామాన్యార్థమైనది. సాగనంపు అను చక్కని తెలుఁగుమాటకును పత్రికలలో నీ గతియే పట్టినది. ఇట్లు మెత్తని మాట కఠినకార్యమునకుఁ జేరుట యమరుని కాలమునుండి యున్న పద్ధతియే యని సంజ్ఞపన, ఆలంభ శబ్దములను బట్టి పైన నిరూపింపఁబడినది. దీనిని దోషమని నిషేధించుట వలన లాభము లేదు. శబ్దప్రవాహము నిషేధమున కాఁగదు. తెలిసి వాడుట మాత్రము పండితులకు విధి.

కాఁబట్టి నిఘంటుకర్తలు ఉద్వాసనమునకు ‘తొలఁగించుట’ యని యొక్క యర్థమును వ్రాసి విడువక, శ్రౌతమున దింపుట, పూజయందు స్వస్థానమునకుఁ బంపుట, కోశమున వధ, తెలుఁగు వ్యవహారమునఁ బదవీచ్యుతి యని నాలుగర్థములను బ్రకరణభేదముతోఁ జూపవలెను. ప్రవాసనమును ప్రవాసముతోఁ గలిపివేయక, ణిచ్చుయొక్క ప్రయోజనమును జెప్పవలెను. పాఠశాలలలో అమరమును బోధించువారు వధనామములను వల్లింపించుటతోఁ దృప్తిపడక, వానిలో నెన్ని తొలఁగింపు మాటలున్నవో విద్యార్థుల చేతనే లెక్కింపింపవలెను. ధర్మశాస్త్రమును జదువువారు ‘వివాసయేత్’ అను క్రియ వచ్చినపుడు రూపసిద్ధిని జెప్పుకొని సంతోషించుటకు ముందే, ఎవరి నెవ్వ రెచ్చటినుండి వెడలించుచున్నారో, వెడలినవానికిఁ జివర కేమి మిగిలినదో విచారింపవలెను. రూపసిద్ధి మూఁడు విధముల నొక్కటియే యైనచోట, అర్థమును జెప్పఁగలిగినది ఆ ప్రశ్న యొక్కటియే.